బ్రాంచికి స్విఫ్ట్ కోడ్ లేదన్నారు, మరి డాలర్లు వస్తాయా?

ప్రశ్న క్లుప్తంగా: మారతహళ్లిలో ఉంటూ ఫ్రీలాన్స్ పనులు చేస్తున్నాను. అమెరికా క్లయింటు ఒక ఫారం పంపి స్విఫ్ట్ లేదా బిక్ కోడ్, ఐబాన్, రౌటింగ్ నంబరు, ఇంటర్మీడియరీ బ్యాంకు అన్నీ నింపమన్నాడు. బ్రాంచిలో అడిగితే "మా బ్రాంచికి స్విఫ్ట్ కోడ్ లేదు సార్" అన్నారు. నెట్‌లో వెతికితే మా బ్యాంకుకే మూడు రకాల కోడ్‌లు కనబడ్డాయి. తప్పు కోడ్ ఇస్తే డబ్బు పోతుందా? ఇంకో సంగతి, జర్మనీలో ఉన్న అక్క నరసరావుపేటలో నాన్నగారి ఖాతాకు పంపాలంటోంది, ఆయన దగ్గర పాత ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కే ఉంది.

ముందు టెన్షన్ పక్కన పెట్టండి. మీ బ్రాంచివాళ్లు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి ఊరుకున్నారు, అంతే. నేను బ్యాంకులో ఫారెక్స్ (విదేశీ మారకం) డెస్కులో ఏళ్ల తరబడి పనిచేశాను, ఎక్కువ కాలం ఈ బెంగళూరులోనే. ఇప్పుడు బయటికొచ్చి చిన్న ఎగుమతి కంపెనీలకు ఈ కాగితాల పనే చూస్తున్నాను. నా దగ్గరికి వచ్చే "డబ్బు రాలేదు" కేసుల్లో స్విఫ్ట్ కోడ్ తప్పినవి చాలా తక్కువ. పేరు తేడా, ఖాతా నంబరు తేడా, అడ్రసులో పిచ్చి గుర్తులు, బ్యాంకు పంపిన ఈమెయిల్‌కి జవాబివ్వకపోవడం, ఇవే ఎక్కువ. అందరూ భయపడేది మాత్రం ఆ కోడ్ గురించే. అందుకే కోడ్ సంగతి తేల్చేసి మిగతావాటి మీద ఎక్కువ రాస్తాను.

స్విఫ్ట్ కోడ్ అన్నా బిక్ కోడ్ అన్నా ఒకటే. ఐఎస్ఓ 9362 అనే ప్రమాణం ప్రకారం బ్యాంకుకి ఇచ్చే గుర్తింపు అది. ఎనిమిది అక్షరాలుంటాయి, లేదంటే పదకొండు. మొదటి నాలుగూ బ్యాంకువి, తర్వాత రెండు దేశానివి, ఆ తర్వాత రెండు ఊరివి, చివరి మూడూ ఉంటే బ్రాంచివి. స్టేట్ బ్యాంకు తీసుకోండి: ఎస్‌బీఐఎన్, తర్వాత ఐఎన్, తర్వాత బీబీ. హెచ్‌డీఎఫ్‌సీ అయితే ఆ నాలుగక్షరాల పేరే, దాని వెనక ఐఎన్, బీబీ. ఈ బీబీ ముంబైకి గుర్తు. కెనరా బ్యాంకు హెడ్డాఫీసు మన జేసీ రోడ్డులోనే ఉంది, అయినా దాని కోడ్ సీఎన్‌ఆర్‌బీ, ఐఎన్, బీబీయే. కాబట్టి బెంగళూరు ఖాతాకి ముంబై కోడ్ ఇచ్చారేమిటని కంగారు పడొద్దు, అది మామూలే.

మీకు కనబడిన మూడు కోడ్‌ల రహస్యం కూడా ఇక్కడే ఉంది. ఒకటి ఎనిమిది అక్షరాలది అయ్యుంటుంది, ఇంకోటి దాని చివర మూడు ఎక్స్‌లు తగిలించింది. ఈ రెంటికీ తేడా లేదు, రెండూ హెడ్డాఫీసుకే. మూడోది ఏదో ఒక పెద్ద బ్రాంచిది అయ్యుంటుంది. క్లయింటు ఫారం పదకొండు అక్షరాలుంటే తప్ప ముందుకి వెళ్లనివ్వకపోతే ఆ మూడు ఎక్స్‌లు వేసేయండి.

బ్రాంచికి కోడ్ ఎందుకు ఉండదంటే, మన దేశంలో ప్రతి బ్రాంచీ నేరుగా విదేశీ మారకం చేయదు. విదేశాల్లోని బ్యాంకుల్లో సొంతంగా ఖాతాలు నడిపేవి కొన్ని, ఆ ఖాతాల మీద లావాదేవీలు చేయగలిగేవి కొన్ని, ఆ రెండు రకాల బ్రాంచిల ద్వారా పని జరుపుకునేవి మిగతావన్నీ. బ్యాంకు లోపల వీటిని ఏ, బీ, సీ కేటగిరీ అంటారు. మీ బ్రాంచి సీ అయ్యుంటుంది. అక్కడ మీ ఖాతా ఉండటానికీ, డాలర్లు రావడానికీ దానివల్ల ఏ అడ్డూ లేదు. హెడ్డాఫీసు కోడ్‌కి వచ్చిన డబ్బు కోర్ బ్యాంకింగ్‌లో (అన్ని బ్రాంచిల ఖాతాలూ ఒకేచోట ఉండే సిస్టంలో) ఖాతా నంబరుని బట్టి మీ ఖాతాలో పడుతుంది. బ్రాంచిలో మళ్లీ అడిగేటప్పుడు "స్విఫ్ట్ కోడ్ ఇవ్వండి" అనకండి. "డాలర్లలో ఇన్వర్డ్ రెమిటెన్స్‌కి ఇన్‌స్ట్రక్షన్స్ షీటు ఇవ్వండి" అనండి, అంటే బయటి నుంచి డాలర్లు తెప్పించుకోవడానికి కావాల్సిన వివరాల కాగితం. ఆ ఒక్క కాగితంలో మీ క్లయింటు అడిగినవి దాదాపు అన్నీ ఉంటాయి. చాలా బ్యాంకుల వెబ్‌సైట్లలోనే ఉంటుంది, కరెన్సీకి ఒక వరుస చొప్పున. దాన్ని వదిలి కోడ్‌లు పోగేసి పెట్టే ఏవేవో సైట్లు నమ్మితే, ఎప్పుడో విలీనమైపోయిన బ్యాంకుల కోడ్‌లు కూడా అక్కడ చక్కగా కనబడతాయి. అనుమానముంటే స్విఫ్ట్ సంస్థ సైట్‌లోనే బిక్ వెతికే సదుపాయం ఉంది, ఉచితం.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది దీంట్లోనే. ఐఎఫ్ఎస్‌సీ కూడా పదకొండు అక్షరాలే. చెక్కు మీద కనబడుతుంది, నోటికి వచ్చి ఉంటుంది, కాబట్టి స్విఫ్ట్ గడిలో అదే కొట్టేస్తారు. తేడా కనిపెట్టడం సులువు: ఐఎఫ్ఎస్‌సీలో ఐదో అక్షరం ఎప్పుడూ సున్నా. స్విఫ్ట్ కోడ్‌లో ఐదు, ఆరు అక్షరాలు దేశం గుర్తు, మనకైతే ఐఎన్. ఐఎఫ్ఎస్‌సీ మన దేశం లోపల నెఫ్ట్, ఆర్‌టీజీఎస్, ఐఎంపీఎస్‌ల కోసం, దాంతో అమెరికా బ్యాంకుకి పని లేదు. చెక్కు అడుగున ఉండే తొమ్మిదంకెల ఎంఐసీఆర్ కూడా అంతే, బెంగళూరు బ్రాంచిలవి 560తో, చెన్నైవి 600తో, హైదరాబాదువి 500తో మొదలవుతాయి. చెక్కుల క్లియరింగుకి తప్ప విదేశాల నుంచి వచ్చే డబ్బుకి దాని అవసరం లేదు. తొమ్మిదంకెలు కదా అని దాన్ని తీసుకెళ్లి అమెరికా రౌటింగ్ నంబరు గడిలో పెట్టినవాళ్లని కూడా చూశాను. పాపం, ఆ ఫారం చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

స్విఫ్ట్ డబ్బు మోయదు. ఇది బుర్రలో పెట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. 1973లో బెల్జియం కేంద్రంగా బ్యాంకులన్నీ కలిసి పెట్టుకున్న సహకార సంస్థ అది. అంతకు ముందు టెలెక్స్ మీద నడిచిన సందేశాలను ఒక పద్ధతిలోకి తేవడానికి పెట్టారు, 1977లో సందేశాలు మొదలయ్యాయి. అది చేసేదల్లా "ఫలానా ఖాతాకి ఇంత ఇవ్వు" అనే మాటని ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి భద్రంగా చేర్చడం. 2018లో బయటపడ్డ పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణం గుర్తుంది కదా, ముంబై బ్రాంచి నుంచి స్విఫ్ట్‌లో హామీ సందేశాలు వెళ్లిపోయాయి, బ్యాంకు సొంత కోర్ బ్యాంకింగ్ లెక్కల్లో మాత్రం వాటి జాడ లేదు. ఆ తర్వాతే రెండింటినీ ముడిపెట్టమని రిజర్వు బ్యాంకు గట్టిగా పట్టుబట్టింది. సందేశం వేరు, డబ్బు వేరు అనడానికి అంతకంటే ఖరీదైన ఉదాహరణ దొరకదు.

మరి డబ్బు ఎలా కదులుతుంది? మీ బ్యాంకుకి న్యూయార్క్‌లో ఏదో ఒక పెద్ద బ్యాంకులో డాలర్ ఖాతా ఉంటుంది, దాన్ని నోస్ట్రో ఖాతా అంటాం. మీ క్లయింటు బ్యాంకు ఆ న్యూయార్క్ బ్యాంకులో మీ బ్యాంకు ఖాతాకి డాలర్లు జమ చేస్తుంది, దాని తాలూకు సందేశం మీ బ్యాంకుకి వస్తుంది, మీ బ్యాంకు ఆ డాలర్లు తను ఉంచుకుని మీకు రూపాయలిస్తుంది. ఇందులో మధ్యనున్న ఆ న్యూయార్క్ బ్యాంకే మీ ఫారంలో అడిగిన ఇంటర్మీడియరీ, లేదా కరస్పాండెంట్ బ్యాంకు.

ఇప్పుడు ఆ ఫారం నింపుదాం. ఐబాన్ (యూరప్ లాంటి చోట్ల వాడే అంతర్జాతీయ ఖాతా నంబరు) గడి ఖాళీగా వదిలేయండి, మన దేశానికి ఐబాన్ లేదు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలకి కూడా లేదు, మనమేదో వెనకబడ్డామని అనుకోనక్కర్లేదు. గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోకపోతే కొందరు మామూలు ఖాతా నంబరునే అందులో వేస్తారు, కొన్ని చోట్ల అది నడుస్తుంది, కొన్ని చోట్ల తప్పు చూపిస్తుంది. అలాంటప్పుడు క్లయింటు అకౌంట్స్ వాళ్లకి "ఇండియాకి ఐబాన్ లేదు" అని ఒక్క లైను రాయండి చాలు. రౌటింగ్ నంబరు అమెరికా బ్యాంకులది, తొమ్మిదంకెలు. మీకు అది లేదు, ఉండదు. అక్కడ పెట్టాల్సింది మీ బ్యాంకు కరస్పాండెంట్ తాలూకు నంబరు, అది ఆ ఇన్‌స్ట్రక్షన్స్ షీటులోనే ఉంటుంది. స్విఫ్ట్ కోడ్ సరిగ్గా ఇస్తే పంపే బ్యాంకు తనంతట తనే దారి వెతుక్కుంటుంది, ఇంటర్మీడియరీ ఇవ్వకపోయినా చాలాసార్లు డబ్బు వస్తుంది. అయినా ఇవ్వమంటాను. ఇవ్వకపోతే మధ్యలో ఇంకో బ్యాంకు దూరి దాని ఛార్జి అది కోసుకునే అవకాశం పెరుగుతుంది. ఒక జాగ్రత్త, కరస్పాండెంటు కరెన్సీని బట్టి మారుతుంది. డాలర్ల వరుసలో ఉన్న బ్యాంకుని యూరోలు పంపే మీ అక్కకి ఇవ్వకండి.

ఖాతా నంబరు దగ్గర సున్నాలు చూసుకోండి. కొన్ని బ్యాంకుల ఖాతా నంబర్లు సున్నాతో మొదలవుతాయి. క్లయింటు దాన్ని ఎక్సెల్‌లో ఎక్కించుకుంటే మొదటి సున్నాలు మాయమైపోతాయి. ఐబాన్‌లో అయితే ఒక అంకె తప్పినా పట్టేసే రెండు చెకింగ్ అంకెలు లోపలే ఉంటాయి, మన నంబర్లకి అన్ని బ్యాంకుల్లోనూ అలాంటి కాపలా లేదు. అందుకని నంబరుని ఈమెయిల్‌లో టైపు చేయడం కాకుండా ఇన్‌వాయిసు పీడీఎఫ్‌లో పెట్టి పంపండి, పక్కనే బ్రాకెట్లో ఎన్ని అంకెలో రాయండి.

ఇక పేరు. తెలుగువాళ్ల పేర్లంత తలనొప్పి ఈ వ్యవహారంలో ఇంకోటి లేదు, నవ్వుతూనే అంటున్నాను కానీ నిజం. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు మొదటి అక్షరం, తర్వాత వెంకటకి ఒక అక్షరం, ఆపైన సుబ్బారావు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ముందు. పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలో, కాబట్టి అమెరికావాడి ఫారంలో అది చివరికి వెళ్లిపోతుంది. లక్ష్మిని ఒకచోట ఎక్స్‌తో రాస్తాం, ఇంకోచోట కేఎస్‌హెచ్‌తో. ఇవన్నీ ఒకే మనిషివని మనకి తెలుసు, ముంబైలో బ్యాంకు రెమిటెన్స్ సెల్‌లో (విదేశాల నుంచి వచ్చే డబ్బు చూసే విభాగంలో) కూర్చున్న కుర్రాడికి తెలియదు. ఖాతా నంబరు సరిపోయి పేరులో తేడా ఉంటే వాళ్లు ఆపుతారు, మీ బ్రాంచికి మెయిల్ పెడతారు, బ్రాంచిలో ఆ మెయిల్ చూసే ఆఫీసరు ఆ వారం సెలవులో ఉంటాడు. అందుకని క్లయింటుకిచ్చే పేరు పాస్‌పోర్టులోది కాదు, పాన్‌లోది కాదు, పాస్‌బుక్ మొదటి పేజీలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇవ్వండి. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని విడగొట్టి అడిగినా, "బెనిఫీషియరీ నేమ్" అని వేరే గడి ఉందేమో చూడండి, సాధారణంగా ఉంటుంది.

స్పెల్లింగుని మనుషులు నిజంగా చూస్తారా అని అనుమానమా? 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు స్విఫ్ట్ సిస్టంలోకి దొంగలు దూరి, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వులో ఉన్న దాని ఖాతా నుంచి దాదాపు 95 కోట్ల డాలర్లు లాగబోయారు. ఫిలిప్పీన్స్‌కి వెళ్లిన 8 కోట్ల 10 లక్షల డాలర్లు గోవిందా. శ్రీలంకలో ఒక సంస్థ పేరు మీద వెళ్లిన 2 కోట్ల డాలర్లు మాత్రం వెనక్కి వచ్చాయి. సందేశంలో ఫౌండేషన్ అనే మాటని తప్పుగా రాశారు, మధ్యలో ఉన్న బ్యాంకులో ఎవరికో అది కంట్లో పడింది. కోడ్‌లన్నీ సరిగ్గానే ఉన్నాయి మరి!

అడ్రసు సంగతి బెంగళూరువాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఊళ్లో ఇంటి నంబరు ముందు # గుర్తు పెట్టకపోతే అడ్రసు రాసినట్టే ఉండదు. స్విఫ్ట్ పాత సందేశాల్లో ఆ గుర్తుకి చోటు లేదు. ఆంగ్ల అక్షరాలు, అంకెలు, చుక్క, కామా, గీత, బ్రాకెట్లు, ఇలా కొన్నింటినే ఒప్పుకుంటుంది. #, &, @, కింద గీత, ఇవేవీ చెల్లవు. కొన్ని బ్యాంకుల సిస్టంలు వాటిని నిశ్శబ్దంగా తీసేస్తాయి, కొన్ని మొత్తం ఆర్డరునే తిప్పికొడతాయి. ఇంకా, పేరూ అడ్రసూ కలిపి నాలుగు లైన్లు, లైనుకి 35 అక్షరాలు, అంతే. "ఫలానా అపార్ట్‌మెంట్స్, ఐదో క్రాస్, రెండో మెయిన్, వాటర్ ట్యాంకు ఎదురుగా, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర" అని రాస్తే బెంగళూరు అనే మాట వచ్చేలోపే చోటు అయిపోతుంది. 2025 నవంబరుతో బ్యాంకుల మధ్య చెల్లింపుల్లో పాత పద్ధతి పోయి ఐఎస్ఓ 20022 అనే కొత్తది వచ్చింది, అందులో చోటు ఎక్కువ, కాకపోతే ఊరు, దేశం వేరువేరు గడుల్లో ఉండాలంటుంది. బ్యాంకుల ఫారాలు చాలావరకు ఇంకా ఆ పాత కొలతల్లోనే ఉన్నాయి. కాబట్టి పొట్టిగా రాయండి: ఫ్లాటు నంబరు, వీధి, ఏరియా, పిన్‌కోడ్, ఊరు, దేశం. వాటర్ ట్యాంకు స్విగ్గీ కుర్రాడికి చెప్పుకోండి.

తప్పు కోడ్ ఇస్తే డబ్బు పోతుందా అన్నారు. ఆ కోడ్ అసలు లేనిదైతే పంపే చోటే ఆగిపోతుంది. మీ బ్యాంకుదే వేరే బ్రాంచి కోడ్ అయితే సాధారణంగా ఒకటి రెండు రోజులు అటూ ఇటూ తిరిగి మీ ఖాతాలోనే పడుతుంది. వేరే బ్యాంకు కోడ్ అయితే అక్కడ మీ ఖాతా నంబరు దొరకదు, డబ్బు వెనక్కి వెళ్తుంది, కాకపోతే దానికి వారాలు పట్టొచ్చు, దారిలో ప్రతివాడూ తన ఛార్జి పట్టుకుంటాడు. నిజంగా భయపడాల్సిన సందర్భం ఒక్కటే: బ్యాంకు సరైనది, ఖాతా నంబరులో ఒక అంకె తేడా, ఆ తేడా నంబరు ఇంకొకరికి ఉండటం. అక్కడ కాపాడేది మళ్లీ ఆ పేరే.

డబ్బు బయల్దేరింది, ఇంకా రాలేదు అన్నప్పుడు క్లయింటుని "పంపారా?" అని పదిసార్లు అడగడం దండగ. యూఈటీఆర్ నంబరు అడగండి. ప్రతి చెల్లింపుకీ 36 అక్షరాల నంబరు ఒకటి ఉంటుంది, మధ్యలో నాలుగు గీతలతో, పంపిన చోటి నుంచి చేరే చోటిదాకా అదే నంబరు మారకుండా వస్తుంది. అది మీ బ్యాంకు రెమిటెన్స్ సెల్‌కి ఇస్తే ఇప్పుడు ఏ బ్యాంకు దగ్గర ఆగి ఉందో, ఎవరు ఎంత కోశారో చూసి చెప్పగలరు. బ్రాంచి కౌంటరులో దీని గురించి తెలియకపోవచ్చు, అప్పుడు "ఎంటీ 103 కాపీ" అనండి, అంటే ఆ చెల్లింపు తాలూకు స్విఫ్ట్ సందేశం కాపీ, పాత పేరే అయినా అందరికీ తెలిసింది అదే. శుక్రవారం సాయంత్రం న్యూయార్క్‌లో పంపితే మనకి అప్పటికే శనివారం తెల్లవారుజాము, అది రెండో శనివారమో నాలుగో శనివారమో అయితే మన బ్యాంకులకీ సెలవే, కాబట్టి మంగళవారం దాకా ఫోన్లు చేయకండి.

ఇంకో చోట ఆగుతుంది, ఇది పూర్తిగా మన చేతిలో ఉన్నదే. డబ్బు బ్యాంకుకి చేరాక "ఇది దేని కోసం" అని పర్పస్ కోడ్ అడుగుతూ మీకు మెయిల్ వస్తుంది. అది చూడ్డానికి అచ్చం మోసగాళ్ల మెయిల్‌లాగే ఉంటుంది, సబ్జెక్టు లైనంతా పెద్దక్షరాల్లో, కింద ఒక అటాచ్‌మెంటు, సంతకం ఉండదు. జనం స్పామ్ అనుకుని తీసేస్తారు. డబ్బు అలా పడి ఉంటుంది. ఏదైనా రావాల్సి ఉన్నప్పుడు ఆ మెయిల్ కోసం స్పామ్ ఫోల్డరు కూడా చూస్తూ ఉండండి, వస్తే లింకులు నొక్కకుండా నెట్‌బ్యాంకింగ్‌లోకి వెళ్లో, బ్రాంచికి ఫోన్ చేసో పని చేసుకోండి. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ పనికి పి0802, బయట ఉన్న మనవాళ్లు ఇంటి ఖర్చులకి పంపేదానికి పి1301. ఫ్రీలాన్స్ డబ్బుకి పొరపాటున పి1301 అని రాశారంటే తర్వాత జీఎస్‌టీలో ఎగుమతి అని చూపించుకోవడానికి తిప్పలు పడతారు. డబ్బు పడ్డాక ఎఫ్ఐఆర్‌సీ (విదేశీ డబ్బు వచ్చిందని బ్యాంకు ఇచ్చే పత్రం), లేదా ఇన్వర్డ్ రెమిటెన్స్ అడ్వైస్ తీసి దాచుకోండి, ఆడిటరు అడిగినరోజు పరిగెత్తక్కర్లేదు. ఇన్‌వాయిసు నంబరు సందేశంలో రిమార్కుల గడిలో వేయమని క్లయింటుకి ముందే చెప్పండి.

ఛార్జీల గురించి. పంపేటప్పుడు మూడు రకాలుంటాయి: ఖర్చంతా పంపేవాడిదైతే అవర్, అటూ ఇటూ పంచుకుంటే షేర్డ్, అంతా మీ నెత్తిన పడితే బెన్. కాంట్రాక్టులో ఒక్కమాట రాయించుకోండి, లేకపోతే వెయ్యి డాలర్ల బిల్లుకి తొమ్మిది వందల ఎనభై చిల్లర వచ్చి, మిగతాది ఏమైందని ఎవరినీ అడగలేని పరిస్థితి వస్తుంది. కానీ ఈ ఇరవై డాలర్ల మీద గొడవపడుతూ అసలు నష్టాన్ని వదిలేస్తారు చాలామంది. అసలు నష్టం రేటులో ఉంటుంది. మీ బ్యాంకు ఇచ్చే టీటీ బయింగ్ రేటుకీ (బయటి నుంచి వచ్చిన డాలర్లని అది కొనే రేటు), టీవీలో కనబడే రేటుకీ మధ్య ఉన్న తేడా లెక్కేయండి. పెద్ద మొత్తాలు నెలనెలా వస్తుంటే బ్యాంకు ట్రెజరీతో (కరెన్సీ కొని అమ్మే విభాగంతో) మాట్లాడి స్పెషల్ రేటు ఇప్పించమని బ్రాంచి మేనేజరుని అడగండి. అడిగితే ఇస్తారు, అడగకపోతే కార్డు రేటే, అంటే బ్యాంకు ఆ రోజుకి అందరికీ ప్రకటించిన రేటే. మారకం మీద జీఎస్‌టీ కూడా పడుతుంది, ఐదు లక్షల రూపాయలు మారిస్తే నిబంధనల ప్రకారం మూడు వేల రూపాయలని సేవ విలువగా తీసుకుని దాని మీద 18 శాతం, అంటే 540 రూపాయలు. క్లయింటు "నేనే రూపాయల్లోకి మార్చి పంపిస్తాను" అంటే వద్దనండి. వాళ్ల బ్యాంకు రేటు మన బ్యాంకు రేటు కంటే దారుణంగా ఉండటమే మామూలు, పైగా ఎగుమతి కాగితాల్లో డాలర్లు కనబడటమే మీకు మేలు.

నాన్నగారి ఖాతా సంగతి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ పాస్‌బుక్ మీద ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ ఇప్పుడు పనికిరాదు, యూబీఐఎన్‌తో మొదలయ్యే కొత్తది వచ్చింది. స్విఫ్ట్ కోడ్ కూడా ఇప్పుడు యూనియన్ బ్యాంకుదే. అక్కకి ఏ నంబరూ పంపేముందు నాన్నగారిని ఒకసారి బ్రాంచికి వెళ్లి కొత్త పాస్‌బుక్కు తీసుకోమనండి, అదే పనిలో కేవైసీ కూడా సరిగ్గా ఉందో లేదో చూపించుకోమనండి, ఎందుకంటే చాలాకాలం కదలిక లేని ఖాతాలోకి ఒక్కసారిగా విదేశీ డబ్బు వస్తే ఆపి ప్రశ్నలడుగుతారు. సిండికేట్ బ్యాంకు కెనరాలో, విజయా బ్యాంకు బరోడాలో, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు ఎస్‌బీఐలో కలిసినవాళ్లకీ ఇదే మాట. గ్రామీణ బ్యాంకు ఖాతా అయితే ముందు అడిగి చూడండి. ఆంధ్రలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒకటయ్యాయి, స్పాన్సర్ యూనియన్ బ్యాంకు. అలాంటి ఖాతాకి స్విఫ్ట్‌లో నేరుగా పంపే బదులు నాన్నగారికి వేరే బ్యాంకులో ఖాతా ఉంటే దానికి పంపడమే నాకు నయమనిపిస్తుంది.

అక్క జర్మనీ బ్యాంకు యాప్‌లో మామూలు ట్రాన్స్‌ఫర్ తెరిస్తే ఐబాన్ లేనిదే కదలదు, అది యూరప్ లోపలి చెల్లింపుల ఫారం. విదేశీ చెల్లింపు అని వేరే ఉంటుంది, అందులో బిక్, ఖాతా నంబరు వేస్తే చాలు. అలా కాకుండా ఏదైనా రెమిటెన్స్ యాప్ వాడితే అది అక్కడ యూరోలు తీసుకుని ఇక్కడ లోకల్‌గా రూపాయలు జమ చేస్తుంది, అప్పుడు అడిగేది ఐఎఫ్ఎస్‌సీయే. ఇంటి ఖర్చుకి పంపే చిన్న మొత్తాలకి నేనైతే అదే వాడమంటాను. కూతురు తండ్రికి ఇచ్చిన డబ్బు మీద ఆయనకి ఆదాయపు పన్ను లేదు, ఆ భయం అక్కర్లేదు. అలాగని అపార్ట్‌మెంటు గుడి ట్రస్టుకో, ఊళ్లో సేవా సంస్థకో విదేశీయుల దగ్గర చందాలు ఇలాగే తెప్పించేయొచ్చు అనుకోకండి. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ కావాలి, డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. ఆ బ్రాంచికి మాత్రం సొంత స్విఫ్ట్ కోడ్ ఉంది, చివర 104.

ఇక్కడి నుంచి బయటికి పంపేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. ఎల్ఆర్ఎస్ (సొంత అవసరాలకి విదేశాలకి డబ్బు పంపుకోనిచ్చే రిజర్వు బ్యాంకు పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, ఏ2 ఫారం (ఎందుకు పంపుతున్నారో చెప్పే దరఖాస్తు), పాన్ తప్పనిసరి. 2025 ఏప్రిల్ నుంచి పది లక్షల రూపాయలు దాటితేనే టీసీఎస్ (పంపేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) వసూలు చేస్తున్నారు, చదువు కోసం బ్యాంకు లోను తీసుకుని పంపితే అదీ లేదు. పిల్లల ఫీజు పంపేటప్పుడు పర్పస్ ఎస్0305, ఛార్జీలు అవర్ పెట్టండి. పదిహేను డాలర్లు తగ్గినా కొన్ని యూనివర్సిటీలు ఫీజు పూర్తిగా అందలేదనే చూపిస్తాయి. అమెరికాలో కొన్ని బ్యాంకులకి మామూలు డిపాజిట్లకి ఒక రౌటింగ్ నంబరు, వైర్‌కి (ఇలా బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా పంపేదానికి) ఇంకోటి ఉంటాయి, వైర్‌దే అడిగి తీసుకోండి.

స్విఫ్ట్ కోడ్ ఇస్తే ఖాతాలోంచి డబ్బు లాగేస్తారేమో అని కూడా అడుగుతుంటారు. లాగలేరు, అది బోర్డు మీద రాసుండే పేరులాంటి బహిరంగ సమాచారం. ఓటీపీ, పాస్‌వర్డు, కార్డు నంబరు అడిగేవాడు డబ్బు పంపేవాడు కాదు. ఎక్కువగా జరిగే మోసం ఇంకోలా ఉంటుంది. మీ మెయిల్‌లోకి ఎవడో దూరి, మీ పేరుతోనే క్లయింటుకి "మా బ్యాంకు మారింది, ఇకపై ఈ ఖాతాకి పంపండి" అని రాస్తాడు. కోడ్ సరైనదే, పేరు మీదే, ఖాతా మాత్రం వాడిది. బ్యాంకు వివరాలు మార్చమని మెయిల్ వస్తే ఫోన్ చేసి నా గొంతు విన్నాకే మార్చండి అని క్లయింటుకి మొదటి రోజే చెప్పి పెట్టుకోండి.

చివరగా, చాలామంది ఇచ్చే సలహా ఒకటి ఉంది, ముందు పది డాలర్లు పంపించుకుని చూడమని. యాప్‌ల విషయంలో సరే, స్విఫ్ట్‌లో మాత్రం వద్దు. ఆ పది డాలర్లనీ దారిలో బ్యాంకులే మింగేస్తాయి, మీ ఖాతాలో ఏమీ పడదు, మీరేమో కోడ్ తప్పిచ్చాననుకుని సరిగ్గా ఉన్న వివరాలన్నీ మార్చేసి కూర్చుంటారు. మొదటి చిన్న ఇన్‌వాయిసు ఏదో దాన్నే అసలు చెల్లింపుగా రమ్మనండి, యూఈటీఆర్ తీసుకోండి, అది పడ్డాక పెద్దవాటికి అవే వివరాలు వాడుకోండి.